గాలం వేసే ముందు

ఆదివారం సాయంత్రం. అమీర్‌పేట పెద్ద రోడ్డు వెనక ఒక బస్తీ. రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు. వాటి పైన మెట్రో రైలు పోతుంది. బస్తీ లోపల మాత్రం ఇరుకు సందు. ఆ సందులో ఒక ఇంటి అరుగు మీద ఆడవాళ్లు చేరి చదువుకుంటారు. కొందరు ఇళ్లల్లో పని చేస్తారు. ఒకామె గంపలో చేపలు పెట్టుకుని అమ్ముతుంది. ఒక అవ్వకు అరవై దాటాయి. తన పేరు రాయడం ఆమెకు మొన్ననే వచ్చింది.

ఆ రోజు ఒకామె ఆలస్యంగా వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

“ఏందక్కా, ఏమైంది?” అని అడిగింది పక్కింటామె.

“మా ఆయన, పిలగాడు పొద్దుగాల చెరువుకు పోయిన్రు. ఆరు వందలు పెట్టి కొత్త గాలం కొన్నరు. కట్ట మీద ఒకాయన రెండొందలు అడిగిండు. ఇచ్చిన్రు. గంట కూడా కాలే, సంఘమోళ్లు వచ్చిన్రు. ఎవర్నడిగి గాలమేసిన్రు అన్నరు. పైసలిచ్చినమంటే, రసీదేది అన్నరు. రసీదు లేదు. గాలం గుంజుకున్నరు. పిలగాడు ఏడ్చుకుంట ఇంటికొచ్చిండు.”

అవ్వకు కోపం వచ్చింది. “చెరువు దేవుడిచ్చిందాయె. దానికి రసీదేంది?” అంది.

చేపలమ్మే ఆమె నిదానంగా చెప్పింది. “నీళ్లు దేవుడిచ్చిండు అవ్వా. చేపపిల్లల్ని మాత్రం సంఘమోళ్లు తెచ్చి వేసిన్రు.”

అసలు సంగతి ఆ మాటలోనే ఉంది.

చెరువులో చేపలు ఎవరివి?

చెరువు నిండితే చేపలు వాటంతట అవే వస్తాయని చాలామంది అనుకుంటారు. కొన్ని రకాలు అలాగే వస్తాయి. కొర్రమీను, జెల్ల, పరిగె లాంటివి చెరువులోనే గుడ్లు పెడతాయి. కానీ బజారులో ఎక్కువగా దొరికే బొచ్చె, రవ్వ అలాంటివి కావు. అవి వానాకాలంలో పారే నదిలో గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువు నీటిలో పెట్టవు.

వెనకటి రోజుల్లో ఈ చేపల పిల్లలను నదిలో వెతికి పట్టి తెచ్చేవాళ్లు. 1957 జూలై 10న ఆ కష్టం తీరే దారి దొరికింది. ఒడిశాలో హీరాలాల్ చౌదరి, ఆలికున్ని అనే శాస్త్రవేత్తలు చేపకు సూది మందు ఇచ్చి గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి చేపపిల్లలను తొట్లలో, గుంటల్లో పెంచడం సాధ్యమైంది. అందుకే దేశంలో ఏటా జూలై 10న చేపల రైతుల దినం జరుపుతారు.

అలా పెంచిన పిల్లలను వానలు పడ్డాక చెరువులో వదులుతారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో చేపపిల్లలను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. పిల్లలు ఇచ్చినా, ఇవ్వకపోయినా, చెరువు కాపలా మాత్రం సంఘానిదే. బెస్తలు, ముదిరాజులు, ఇంకా చేపల పని చేసేవాళ్లు సంఘంగా ఏర్పడతారు. చెరువులో చేపలు పట్టే హక్కుకు సంఘం డబ్బు కడుతుంది. నెలల తరబడి కాపలా కాస్తుంది. వేలంత పిల్ల కిలో చేప కావడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. ఎండాకాలంలో వల వేస్తేనే వాళ్ల చేతికి డబ్బు వస్తుంది.

అంటే చెరువులో చేప పొలంలో వరి లాంటిది. పొలానికి గోడ ఉండదు. అయినా పక్కవాడి వరి ఎవరూ కోసుకుపోరు. చేప సంగతీ అంతే.

సరదాకు వేసే గాలానికి కూడా అనుమతి కావాలా?

కావాలి. వల అయినా, గాలం అయినా, పట్టేది చేపనే. ఒక్క గాలంతో ఒక్క చేప పట్టినా, హక్కు ఉన్నవాళ్లను అడగాలి.

ఇది కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. నిజాం కాలంలోనే తెలంగాణలో చేపల చట్టం ఉంది. అది ఫసలీ 1321 నాటిది. అంటే ఇప్పటి లెక్కలో 1911 ప్రాంతం. మిగతా దేశంలో 1897 నాటి చట్టం ఉంది.

వేరే దేశాల్లోనూ ఇలాంటి నియమాలే. ఇంగ్లండులో 13 ఏళ్లు నిండినవాళ్లు నదిలో, చెరువులో గాలం వేయాలంటే ముందు లైసెన్సు తీసుకోవాలి. అది చేతిలో ఉన్నా సరిపోదు. ఆ నీళ్ల మీద హక్కు ఉన్నవాళ్లను మళ్లీ అడగాలి. అమెరికాలో ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. అక్కడ ఉండే తెలుగువాళ్లు కూడా గాలం పట్టుకుని పోయేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకోవాల్సిందే.

అనుమతి ఎవరిస్తారు?

అన్ని చెరువులకూ చెల్లే కాగితం ఒకటి ఉంటుందని అనుకోకూడదు. ఏ నీళ్లకు ఆ నీళ్ల హక్కుదారు ఉంటారు. అందుకని ముందు “ఈ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి?” అని అడగాలి.

ఊరి చెరువు అయితే, మత్స్య సహకార సంఘాన్ని అడగాలి. సంఘం ఎవరిదో పంచాయతీ ఆఫీసులో చెబుతారు.

పెద్ద జలాశయం అయితే, మత్స్యశాఖను అడగాలి. అక్కడ చేపలు పట్టి బతికేవాళ్లకు మత్స్యశాఖ లైసెన్సు ఇస్తుంది.

తాగునీటి జలాశయం అయితే, దానికి ఇంకా గట్టి కాపలా ఉంటుంది. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చింది. ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇవి ఊరికి తాగునీరిచ్చే చెరువులు. ఇలాంటి చోట జలమండలి మాట కూడా వినాలి.

అడవి జంతువులను కాపాడే అభయారణ్యంలో చెరువు ఉంటే, అటవీశాఖ ఒప్పుకోకుండా చెయ్యి పెట్టకూడదు. మంజీర అభయారణ్యం అలాంటిదే. అక్కడ మొసళ్లు కూడా ఉన్నాయి.

సొంత భూమిలో గుంట తవ్వి చేపలు పెంచేవాళ్లు ఉంటారు. అక్కడ ఆ యజమాని అనుమతి చాలు.

మత్స్యశాఖ పెద్ద ఆఫీసు పేరు మత్స్యభవన్. అది మాసబ్‌ట్యాంక్ దగ్గర శాంతినగర్‌లో ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటాక లక్డీకాపూల్ వస్తుంది. అక్కడ దిగి పోవచ్చు. మాసబ్‌ట్యాంక్ పేరులో ట్యాంక్ అంటే చెరువు. ఆ చెరువు ఇప్పుడు లేదు. పేరు మిగిలింది.

అమీర్‌పేటకు కూడా చేపలతో ఒక చుట్టరికం ఉంది. 2006లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మత్స్య అభివృద్ధి మండలిని పెట్టింది. మొదటి ఏళ్లలో దాని ఆఫీసు అమీర్‌పేటలోని మైత్రీవిహార్ భవనంలోనే ఉండేది. 2012లో అది రాజేంద్రనగర్ వైపు కొత్త భవనానికి మారింది. ఆ భవనం చేప ఆకారంలోనే ఉంటుంది.

రసీదులో ఏం చూడాలి?

కట్ట మీద డబ్బు అడిగే ప్రతివాడూ సంఘం మనిషి కాదు. బస్తీలో ఆ తండ్రీ కొడుకులు మోసపోయింది అక్కడే. డబ్బు తీసుకున్నవాడు సంఘంలో లేనే లేడు. సంఘంవాళ్లు వచ్చేసరికి వాడు కనిపించలేదు.

డబ్బు ఇచ్చేచోట రసీదు అడగాలి. రసీదు మీద ఈ ఆరు సంగతులు ఉండాలి.

ఒకటి: సంఘం పేరు, రిజిస్టరు నంబరు.
రెండు: డబ్బు కట్టినవాళ్ల పేరు.
మూడు: తారీఖు.
నాలుగు: ఎన్ని గాలాలు, ఎంతసేపు.
అయిదు: ఎన్ని రూపాయలు. అంకెల్లోనూ, అక్షరాల్లోనూ ఉండాలి.
ఆరు: తీసుకున్నవాళ్ల సంతకం.

తారీఖు లేని రసీదు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ఒకే రసీదును పదిమందికి చూపించి డబ్బు గుంజే వీలు కూడా ఉంది. ఒకటి అంకె పక్కన సున్నా చేరిస్తే పది అవుతుంది. అక్షరాల్లో కూడా రాస్తే అలా మార్చడం కష్టం. ఈ ఆరు సంగతులు చదవడం వస్తే చాలు. మోసం సగం ఆగిపోతుంది.

ఎప్పుడు పట్టకూడదు?

వానాకాలం మొదట్లో చేప కడుపు గుడ్లతో నిండి ఉంటుంది. అప్పుడు ఒక తల్లి చేపను పట్టడమంటే వేల పిల్లలను పోగొట్టుకోవడమే. అందుకే జలాశయాల్లో కొంతకాలం వేట ఆపుతారు. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు అన్నది మత్స్యశాఖ ఆఫీసులో చెబుతారు.

సముద్రానికి కూడా ఇలాంటి సెలవు ఉంది. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లు, మోటారు పడవలు వేటకు పోకూడదు. మోటారు లేని తెప్పలకు ఈ నిషేధం లేదు. పని లేని ఆ రోజుల్లో మత్స్యకారుల ఇల్లు గడవాలి కదా. అందుకని అక్కడి ప్రభుత్వం సాయం చేస్తుంది. 2019లో ఆ సాయం 10,000 రూపాయలు అయింది. 2025లో 20,000 రూపాయలు చేశారు.

ఎలా పట్టకూడదు?

నీళ్లలో మందుగుండు పేల్చకూడదు. విషం కలపకూడదు. ఈ రెండూ నేరాలు. 1897 నాటి చట్టంలోనే ఆ మాట రాసి ఉంది. మందుగుండు పేలిస్తే పెద్ద చేపతో పాటు చిన్న పిల్లలన్నీ చస్తాయి. పేల్చినవాడి చేతులు పోయే ప్రమాదం కూడా ఉంది. విషం కలిపిన నీళ్లు గొడ్లు తాగుతాయి. మనుషులూ వాడతారు.

కరెంటు తీగ నీళ్లలో వేయడం ఇంకా ఘోరం. ఆ నీళ్లలో కాలు పెట్టిన మనిషి కూడా చస్తాడు.

దోమతెరను వలగా వాడకూడదు. దాని కన్నాల్లోంచి వేలంత పిల్ల కూడా తప్పించుకోలేదు. గాలానికి చిన్న పిల్ల చిక్కితే, చెయ్యి తడి చేసుకుని, మెల్లగా ముల్లు తీసి, నీళ్లలోకి వదలాలి. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుంది. ఆ జిగురే చేపను రోగాల నుంచి కాపాడుతుంది.

ఇంకో సంగతి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక పెద్ద మీసాల చేప ఉంది. దాన్ని థాయ్ మాగుర్ అంటారు. అది మిగతా చేపలను తినేస్తుంది. 2000లో మన దేశంలో దాని పెంపకాన్ని నిషేధించారు. అలాంటి చేపను తెచ్చి ఏ చెరువులోనూ వదలకూడదు.

హుస్సేన్‌సాగర్‌లో పట్టిన చేప తినొచ్చా?

పంజాగుట్ట నుంచి చూస్తే హుస్సేన్‌సాగర్ ఎంతో దూరం లేదు. “దగ్గరున్న చెరువు వదిలి ఊరి బయటకు పోవుడెందుకు?” అని బస్తీలో ఒకామె అడిగింది.

హుస్సేన్‌సాగర్‌ను 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టారు. ఒకప్పుడు ఊరికి తాగునీళ్లు ఇచ్చింది. తర్వాత ఊరు పెరిగింది. నాలాలు డ్రైనేజీ నీళ్లను మోసుకొచ్చాయి. కూకట్‌పల్లి నాలా కార్ఖానాల మురికిని కూడా తెచ్చింది. నీళ్లలో గాలి తగ్గిపోయి చేపలు చచ్చి తేలడం అక్కడ ఎన్నోసార్లు జరిగింది.

మురికి నీళ్లలో పెరిగిన చేప చూడటానికి బాగానే ఉండొచ్చు. కానీ కార్ఖానాల మురికిలో సీసం లాంటి లోహాలు ఉంటాయి. అవి చేప ఒంట్లో చేరతాయి. ఎంత ఉడికించినా పోవు. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు అవి ఎక్కువ చెరుపు చేస్తాయి. కాబట్టి అలాంటి నీళ్ల చేపను కూర చేయకూడదు. చచ్చి తేలిన చేపను ఎక్కడిదైనా ముట్టకూడదు.

బోటులో పోయేటప్పుడు ఏం చూడాలి?

సెలవుల్లో కొందరు పాపికొండలు చూడటానికి పోతారు. కొందరు విశాఖపట్నంలో బోటు మాట్లాడుకుని సముద్రంలో గాలం వేయాలని ముచ్చటపడతారు. ముచ్చట తప్పు కాదు. కానీ బోటుకు కూడా కాగితం ఉండాలి.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఒక బోటు మునిగింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటుకు అనుమతి లేదని తర్వాత తేలింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో బోటు మునిగింది. అప్పుడు నది వరద మీద ఉంది. బోటులో 77 మంది ఉన్నారు. బతికి బయటపడింది 26 మందే. పాపికొండలు చూద్దామని హైదరాబాదు నుంచి పోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

అందుకే బోటు ఎక్కే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. మనుషులను ఎక్కించుకోవడానికి ఈ బోటుకు అనుమతి ఉందా? ఎంతమందికి అనుమతి ఉంది, ఎంతమంది ఎక్కారు? అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఈ రోజు వరద, తుఫాను హెచ్చరిక ఏమైనా ఉందా?

చేపల బోటు చేపలు పట్టడానికే రిజిస్టరు అవుతుంది. అది యాత్రికుల బోటు కాదు. లైఫ్ జాకెట్ బోటు మూలన పడి ఉంటే లాభం లేదు. ఒంటి మీద ఉండాలి. తాళ్లు కట్టుకుని ఉండాలి. పిల్లలకు పిల్లల సైజు జాకెట్ కావాలి. ఉక్కపోస్తుందని మధ్యలో విప్పకూడదు.

చెరువు కట్ట మీద కూర్చున్నా జాగ్రత్త కావాలి. మట్టి తీసిన గుంతలు నీళ్ల కింద కనిపించవు. మోకాలి లోతు అనుకున్నచోట మనిషి మునిగే గుంత ఉంటుంది. పిల్లలను ఒంటరిగా పంపకూడదు.

సంఘంలో ఆడవాళ్లకు చోటు ఉందా?

ఉంది. చేప పట్టేది ఎక్కువగా మగవాళ్లే అయినా, గంప నెత్తిన పెట్టుకుని అమ్మేది ఆడవాళ్లే. తెలంగాణలో ఆడవాళ్ల మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నాయి.

సంఘం కాగితం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం మత్స్య సంపద పథకంలో మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. చేపల పని చేసేవాళ్లు ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షల రూపాయలు వస్తాయి. దానికి మత్స్యకారులు తమ జేబు నుంచి కట్టేది ఏమీ లేదు. కానీ పేరు నమోదై ఉండాలి. పేరు, ఊరు, వయసు తప్పు లేకుండా ఉండాలి. పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే బ్యాంకు పుస్తకంతో కలవదు. అప్పుడు ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

చేపలమ్మే ఆమె ఆ సాయంత్రమే ఇంటికి పోయి తన సంఘం కార్డు తెచ్చింది. తన పేరు తానే కూడబలుక్కుని చదివింది. పేరు సరిగానే ఉంది. వయసు మాత్రం పదేళ్లు ఎక్కువ పడింది. “ఇన్నేండ్లు ఇది పెట్టెల పెట్టుకున్న. ఇయ్యాల్నే చూసిన,” అంది.

మరుసటి ఆదివారం

గాలం పోగొట్టుకున్న ఇంటామె మరుసటి ఆదివారం మొగుడితో, కొడుకుతో తాను కూడా బయలుదేరింది. ముందు చెరువు కట్టకు పోలేదు. ఊళ్లో సంఘం ఆఫీసుకు పోయింది.

“అన్నా, పోయినవారం మావోళ్లు తెలవక గాలమేసిన్రు. తప్పయింది. ఇయ్యాల అడిగి వేసుకుందమని వచ్చినం,” అంది.

సంఘం పెద్ద కాసేపు ఆలోచించాడు. “అడిగి వేస్తే మాకేం కోపం లేదమ్మా. అడగకుండ పదిమంది వస్తే మా కష్టమంత పాయె గదా,” అన్నాడు. ఒక్క గాలం, రెండు గంటలు, చిన్న పిల్ల చిక్కితే వదిలేయాలి అని చెప్పాడు. వంద రూపాయలు తీసుకుని రసీదు రాసి ఇచ్చాడు.

ఆమె రసీదు చేతిలోకి తీసుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. సంఘం పేరు ఉంది. మొగుడి పేరు ఉంది. రూపాయలు అంకెల్లో ఉన్నాయి, అక్షరాల్లో ఉన్నాయి. సంతకం ఉంది.

“అన్నా, తారీఖు వెయ్యలే.”

సంఘం పెద్ద ఆమె వైపు చూశాడు. రసీదు తీసుకుని తారీఖు వేశాడు. లోపలికి పోయి పాత గాలం తెచ్చి పిల్లవాడి చేతిలో పెట్టాడు.

కట్ట మీద వాడికిచ్చిన రెండు వందలు మళ్లీ రాలేదు. ఆ రోజు పెద్ద చేపలు కూడా పడలేదు. ఒక చిన్న బొచ్చె చిక్కింది. పిల్లవాడు చెయ్యి తడుపుకుని, ముల్లు తీసి, దాన్ని నీళ్లలోకి వదిలాడు.

చదివి చెప్పండి

1. బొచ్చె, రవ్వ చెరువులో ఎందుకు గుడ్లు పెట్టవు?
2. రసీదులో ఉండాల్సిన ఆరు సంగతులు ఏమిటి?
3. బోటు ఎక్కే ముందు ఏ నాలుగు ప్రశ్నలు అడగాలి?
4. మీ ఇంట్లో ఉన్న ఒక కార్డు గాని, రసీదు గాని తీసి చదవండి. పేరు, వయసు, తారీఖు సరిగా ఉన్నాయా?